మలమార్పిడి చికిత్స: ఒక వైద్య నివేదికపై విమర్శ

ఆరోగ్యవంతుని మలంలోని సూక్ష్మజీవులను రోగి ప్రేవులలోకి చేర్చే చికిత్స ఆధునిక వైద్యంలో స్థానం సంపాదించుకున్నది. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసీల్ అనే సూక్ష్మజీవి మూలంగా పదేపదే తిరగబెట్టే విరేచనాలకు అది బాగా పనిచేస్తుంది. 2013లో హాలెండ్ వైద్యులు ప్రకటించిన పరిశోధనలో ఈ చికిత్స పొందిన 16 మందిలో 15 మందికి స్వస్థత చేకూరింది. అయితే ఆ విజయాన్ని ఇతర రోగాలకు, అందునా వ్యాధినిరోధక శక్తి సన్నగిల్లిన వారికి విస్తరింపజేయడం ఎంతవరకు సమంజసం? బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన నివేదిక చదివినవారికి తప్పక కలిగే ప్రశ్న ఇది.

రోగులు ఇద్దరు. ఒకరిది కాలేయం గట్టిపడిన జబ్బు. మరొకరికి రక్తవ్యాధి కారణంగా మూలకణాల మార్పిడి జరిగింది. ఇద్దరూ ఒకే దాత మలంతో చేసిన గొట్టం మాత్రలు మింగారు. ఇద్దరి రక్తంలోనూ పలు యాంటీబయాటిక్‌లకు లొంగని ఇ. కోలై బయటపడింది. జన్యుపరీక్షలో అది దాత మలంలోనిదేనని తేలింది. మొదటివారు కోలుకున్నారు, రెండవవారు మరణించారు.

తమ చేతి మీదుగా జరిగిన హానిని వైద్యులు దాచలేదు, అది మెచ్చదగినదే. కాని అసలు విషయం నివేదికలో నింపాదిగా దొర్లిపోతుంది. ఆ మాత్రలు 2018 నవంబరులో తయారైనవి. ఇటువంటి మొండి సూక్ష్మజీవుల కొరకు దాతలను పరీక్షించాలన్న నిబంధన 2019 జనవరిలో అమలుకు వచ్చింది. అంతకు పూర్వం నిలవచేసిన మాత్రలను మాత్రం ఎవరూ పరీక్షించలేదు, పారవేయనూ లేదు! నిబంధన కాగితం మీదికి వచ్చింది గాని శీతలపేటిక దాకా పోలేదు.

ముస్లిం పాఠకునికి ముందుగా స్ఫురించేది నజాసత్ ప్రశ్న. గత్యంతరం లేని వేళ అశుద్ధ వస్తువుతో చికిత్సకు పలువురు ఫుఖహాలు అవకాశమిచ్చారు. ఒక హానిని దానికి సమానమైన హానితో తొలగించరాదన్న నియమం కూడా ఫిఖ్హ్‌లోనిదే. ఈ ఇద్దరికీ పై విరేచనాల జబ్బు లేదు. వారు పొందినది ప్రయోజనం ఇంకా రుజువు కాని ప్రయోగ చికిత్స. కనుక ఇక్కడ "జరూరత్" అనే మాట సులభంగా అతకదు. దాత పరీక్షలను పెంచాలని నివేదిక చెబుతున్నది, మంచిదే. పరీక్ష తెలిసిన శత్రువునే పట్టగలదు. 2020 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మళ్లీ హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది. ఈసారి దాత మలం ద్వారా సోకినవి వేరే రకం ఇ. కోలైలు.