అడగందే అమ్మైనా పెట్టదా?

చదువు ముగించి మొదటి ఉద్యోగంలో చేరే అమ్మాయిల జీతం అబ్బాయిల కన్నా ఎందుకు తక్కువ? లిండా బాబ్‌కాక్, సారా లాషెవర్ 2003లో రాసిన పుస్తకం పేరులోనే జవాబుంది: 'విమెన్ డోంట్ ఆస్క్'. ఆడవాళ్ళు అడగరు. ఆధారం గట్టిదే. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చేసిన వాళ్ళలో అబ్బాయిల తొలి జీతం 7.6 శాతం, అంటే ఏడాదికి దాదాపు 4 వేల డాలర్లు ఎక్కువ. ఇస్తామన్నదాని మీద బేరమాడిన అబ్బాయిలు 57 శాతం, అమ్మాయిలు 7 శాతమే.

నా పేచీ అంకెలతో కాదు. అణకువ నేర్పే పెంపకం గురించి రచయిత్రులు చాలా పేజీలే రాశారు, అదీ ఒప్పుకోవాలి. కానీ ఆ పేరుని వాక్యంగా చదవండి. కర్త స్త్రీ, క్రియ ఆమె చెయ్యని పని. జీతం నిర్ణయించినవాడు వాక్యంలోనే లేడు. మన సామెతలో కనీసం పెట్టాల్సిన మనిషి కనిపిస్తుంది (ఆవిడా ఆడదే అనుకోండి).

అడిగితే ఏమవుతుందో 2007లో బాబ్‌కాకే హన్నా రైలీ బౌల్స్, లీ లైలతో కలిసి ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. బేరమాడిన మగవాడి కన్నా బేరమాడిన స్త్రీతో పనిచెయ్యడానికే మగ పరిశీలకులు ఎక్కువ వెనకాడారు. అడగకపోవడం పిరికితనం కాదు, లోకం పోకడ తెలిసి వేసుకున్న లెక్క. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో కంప్యూటర్ రంగంలోని స్త్రీల సభలో ఇంకోలా చెప్పారు: జీతం పెంచమని అడక్కుండా వ్యవస్థని నమ్మడం మంచి కర్మట! అదే రోజు తప్పు ఒప్పుకున్నారు. ఒకరు అడగమంటారు, ఒకరు అడగొద్దంటారు. సలహా మాత్రం ఎప్పుడూ మనకే.

అసలు అడిగే ప్రసక్తే లేనిచోట? 2012లో అమెరికాలో 127 మంది సైన్సు అధ్యాపకులకి ఒకే దరఖాస్తు పంపారు, లాబ్ మేనేజర్ ఉద్యోగానికి. కొందరికి జాన్ పేరుతో, కొందరికి జెనిఫర్ పేరుతో. జాన్‌కి సగటున 30,200 డాలర్లు ఇవ్వచ్చన్నారు, జెనిఫర్‌కి 26,500. ఇద్దరూ ఏమీ అడగలేదు. పాఠం ఒక్కటే, పేరు మారేసరికి పఠనం మారింది. పేరు చూసి కవితని తూచే విమర్శకులని ఎరిగిన మనకిది కొత్త కాదు.

నన్ను ఎక్కువసేపు ఆపింది మరో సంగతి. ఆ అధ్యాపకుల్లో స్త్రీలూ జెనిఫర్‌కి తక్కువే రాశారు. ప్రాజెక్టు అసిస్టెంట్ల, గెస్ట్ లెక్చరర్ల ఎంపికకి మనలో చాలామందిమి కూర్చుంటూనే ఉన్నాం.