బురద పొరల్లో పోటు లెక్క

తడి ఇసుకలోకి ఇనుప పెట్టె దించుతారు. అడుగున పలక దూర్చి, కుదుపు లేకుండా పైకి తీస్తారు. లోపలి ఇసుక, బురద ఏ వరసలో పేరుకున్నాయో ఆ వరస చెదరకుండా వచ్చేస్తాయి. ఆ దిమ్మను ఆరబెట్టి, పక్క ముఖాన్ని కత్తితో నున్నగా చెక్కి, దానిమీద పల్చటి రెసిన్ పోస్తారు. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి కనుక రెసిన్ లోతుగా ఇంకుతుంది. బురదలో అంతగా దిగదు. గట్టిపడ్డాక ఊడదీస్తే ఇసుక పొరలు ఉబ్బెత్తుగా, బురద పొరలు అణిగి, గోడకు తగిలించుకోదగ్గ పలక తయారవుతుంది. అంతవరకు ఒకే బూడిదరంగు ముద్దలా ఉన్నదానిలో ఎన్నెన్ని పొరలున్నాయో అప్పుడు తెలుస్తుంది.

ఈ పనిని దశాబ్దాల తరబడి పట్టుదలగా చేసిన చోటు జర్మనీలోని విల్‌హెల్మ్స్‌హాఫెన్. అక్కడ సముద్రం ఆటుపోట్ల మధ్య మూడున్నర మీటర్లకు పైగా ఎత్తు మారుతుంది. నీరు తీసినప్పుడు కిలోమీటర్ల కొద్దీ బురద నేల బయటపడుతుంది. నెదర్లాండ్స్ నుంచి డెన్మార్క్ దాకా సాగే వాడెన్ సముద్ర తీరమంతా ఇదే తీరు. ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన శిలాజ శాస్త్రవేత్త రుడాల్ఫ్ రిక్టర్ 1928లో సెంకెన్‌బర్గ్ సంస్థ తరఫున ఇక్కడ పరిశోధన కేంద్రం పెట్టించాడు. ఆయన చదువంతా కోట్ల ఏళ్ల కిందటి ట్రైలోబైట్లనే అంతరించిన సముద్ర జీవుల మీద. అలాంటివాడు, రాతిలోని జీవి ఎలా చచ్చి ఎలా పూడిపోయిందో తెలియాలంటే ఇవాళ ఒడ్డున చస్తున్న పీతను, బొరియ తవ్వుతున్న పురుగును చూడాలన్నాడు. ఆ మాటలోని ధైర్యం నాకు ఎంతో ఇష్టం.

రిక్టర్ వేసిన బాటలో విల్‌హెల్మ్ షేఫర్ ఉత్తర సముద్రపు జీవుల చావును, పూడికను ఏళ్ల తరబడి గమనించి 1962లో పెద్ద గ్రంథం వెలువరించాడు. అదే కేంద్రంలో పనిచేసిన హాన్స్-ఎరిక్ రైనెక్ మాత్రం పొరల మనిషి. నీటి అడుగు నుంచి కూడా దిమ్మ చెదరకుండా తెచ్చే పెట్టె పరికరాన్ని 1950ల్లో రూపొందించాడు. పురుగులు పొరలను ఎంత మేరకు కలియదున్నాయో అంచెలుగా కొలిచే పద్ధతినీ ఆయన పెట్టాడు. పొరలు చెక్కుచెదరకుండా ఉన్నాయంటే మట్టి వేగంగా పడి ఉండాలి, లేదా అక్కడ జీవాలు బతకలేని పరిస్థితి ఉండి ఉండాలి. పూర్తిగా కలిసిపోయి ఉంటే, పురుగులు తీరిగ్గా పని చేసుకునేంత నెమ్మదిగా మట్టి పడిందన్నమాట.

ఇక పొరల సంగతి. పోటు నీరు ఇసుకను తోసి చిన్న చిన్న అలల గీతలు పెడుతుంది. నీరు వెనక్కి మళ్లే ముందు కాసేపు నిలకడగా ఉంటుంది. నీటిలో తేలే సన్నటి బురద అప్పుడు దిగి, గీతల మధ్య పల్లాల్లో పట్టుకుంటుంది. ఆ తర్వాతి ప్రవాహం గట్ల మీది బురదను చెరిపినా పల్లాల్లోది మిగిలిపోతుంది. ఇసుక ఎక్కువైన చోట బురద తునకలు, బురద ఎక్కువైన చోట ఇసుక బిళ్లలు. ఈ రకాలను రైనెక్, తోటి పరిశోధకుడు వుండర్‌లిష్ కలిసి 1968లో వర్గీకరించారు. చమురు బావులు తవ్వేవారికి ఇది నేరుగా పనికొచ్చింది. వేలిమందం లేని బురద పొర కూడా ఇసుకరాయిలో చమురు పైకి పాకకుండా అడ్డుపడగలదు.

నెదర్లాండ్స్‌లో ఓస్టర్‌షెల్డె తుపాను అడ్డుకట్ట కోసం పెద్ద గొయ్యి తవ్వినప్పుడు దాని గోడలు మరో సంగతి చెప్పాయి. ప్రతి పోటుకూ ఒక ఇసుక కట్ట, దానిమీద బురద పూత. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కట్టలు మందంగా, అష్టమి ప్రాంతంలో పలచగా. అక్కడ రోజుకు రెండు పోట్లు కాబట్టి పక్షానికి దాదాపు 28 కట్టలు. వాటిని లెక్కించి విస్సర్ అనే పరిశోధకుడు 1980లో ప్రచురించాడు. మన జాలర్లు తిథిని బట్టి పోటును అంచనా కట్టే లెక్కే అది, ఇసుకలో రాసి ఉంది.

ఈ లెక్క తెలిశాక పాత రాళ్లూ మాట్లాడాయి. దక్షిణ ఆస్ట్రేలియాలో అరవై కోట్ల ఏళ్లు దాటిన ఎలటీనా రాళ్లలోని సన్నని పొరలను భూగర్భ శాస్త్రవేత్త జార్జ్ విలియమ్స్ మొదట సూర్యుడి మచ్చల చక్రమనుకున్నాడు. తర్వాత అవి పోటు పొరలని తనే దిద్దుకున్నాడు. ఆ లెక్క ప్రకారం అప్పుడు రోజుకు దాదాపు 22 గంటలు, ఏడాదికి 400 రోజులు. చంద్రుడి ఆకర్షణ వల్ల భూభ్రమణం నెమ్మదించిందనడానికి ఇంతకంటే సూటి సాక్ష్యాలు అరుదు. ప్రచురించిన మాటను పదేళ్లయినా కాకముందే వెనక్కి తీసుకున్న విలియమ్స్ నిజాయితీ ఆ సాక్ష్యానికి బలమే.

మనవాడు ఇంద్రబీర్ సింగ్ రైనెక్‌తో కలిసి రాసిన అవక్షేప పరిసరాల గ్రంథం 1973లో వచ్చింది. ఒక తరం భూగర్భ విద్యార్థులు దాన్ని పట్టుకునే క్షేత్రానికి వెళ్లారు. సింగ్ లక్నో విశ్వవిద్యాలయంలో ఉంటూ అదే చూపును గంగా మైదానం మీద పెట్టాడు. మన కడప బేసిన్ క్వార్ట్జైట్లలోనూ అలల గీతలు కనిపిస్తాయి, తిరుమల కొండలతో సహా. గీతకు రెండు వైపులా వాలు సమంగా ఉంటే ఆ ఇసుకను ఊపినది అల. ఒకవైపు నిటారుగా, రెండోవైపు ఏటవాలుగా ఉంటే అది ప్రవాహం పని, నిటారు వైపు ఎటు చూస్తుంటే నీరు అటు పోయినట్టు.