నెప్ట్యూన్ చిట్టా, చిత్రగుప్తుడి చిట్టా

పడవకి పేరు మారిస్తే అరిష్టం అని తెలుగులో ఎవరైనా రాస్తే, ఆ మాట ఏ రేవులో విన్నారండీ అని అడగాలనిపిస్తుంది. సముద్రం మీద వచ్చే వ్యాసాల్లో ఈ సంగతి అప్పుడప్పుడూ తగులుతూనే ఉంది, అదీ మన జాలర్లు తరతరాలుగా నమ్మేదన్నట్టు. వాడరేవులో, కొత్తపట్నంలో, నిజాంపట్నంలో పడవలున్నాయి, నమ్మకాలూ ఉన్నాయి. ఈ ఒక్క నమ్మకం మాత్రం నేను తిరిగినంతలో ఎక్కడా వినలేదు. పుస్తకాల్లో బోలెడుసార్లు చదివాను.

చదివినవాటిలో పేరున్నది స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలండ్'. 1883లో పుస్తకంగా వచ్చింది. అందులో జాన్ సిల్వర్, వెనకటి సముద్రపు దొంగలు కొందరు ఉరికంబం ఎక్కడానికి కారణం ఓడల పేర్లు మార్చడమేనని తేల్చేస్తాడు. దోపిడీ కాదు, హత్యలు కాదు, పేర్లు మార్చడం! తనకేమో తోటివాళ్ళు పెట్టిన ఇంకో పేరు ఉంది, బార్బెక్యూ అని. ఆ మాట అతని నోట పెట్టడంలో స్టీవెన్సన్ నవ్వు వినపడుతుంది. తర్వాత వచ్చినవాళ్ళు నవ్వు వదిలేసి శాస్త్రం మిగుల్చుకున్నారు.

ఈ శాస్త్రానికి విరుగుడుగా ఒక తంతు కూడా ఉంది. సముద్రదేవుడు, నెప్ట్యూన్ అనండి పొసైడన్ అనండి, ప్రతి ఓడ పేరూ ఒక చిట్టాలో రాసుకుంటాడట. ఆయనకి చెప్పకుండా పేరు మారిస్తే మోసం కింద లెక్క. కాబట్టి ముందు పాత పేరు ఆనవాలు లేకుండా తుడిచెయ్యాలి. ఓడ ఒంటి మీదే కాదు, లాగ్ బుక్కులో, లైఫ్‌బెల్టుల మీద, ఆఖరికి తాళాల గుత్తి మీద కూడా. కొందరు పాత పేరుని నీళ్ళలో కరిగే సిరాతో రేకు మీద రాసి సముద్రంలో పడేస్తారు. ఆ తర్వాత షాంపేన్ ధార పోసి, ఇన్నాళ్ళూ కాపాడినందుకు దేవుడికి దణ్ణం పెట్టి, ఆ పేరు మీ పుస్తకంలోంచి కొట్టెయ్యండి అని వేడుకోవాలి. కొత్త పేరు పెట్టడం దాని తర్వాత, విడిగా. సొంత పడవలున్న అమెరికన్లు ఎక్కువగా వాడే మంత్రపాఠం వేదకాలంది కాదు. జాన్ విగర్ అనే నౌకాయాన రచయిత పోయిన శతాబ్దం చివర్లో సగం సరదాగా, సగం నిజంగా రాసింది.

ఆ పాఠాన్ని సాహిత్యంగా చదివితే అది స్తోత్రం కాదు, దరఖాస్తు. ఆర్యా, పై విషయమై తమకు మనవి చేసుకునేదేమనగా, అన్న ధోరణి. సముద్రదేవుడు అందులో సబ్ రిజిస్ట్రారు. పట్టాదారు పాసుపుస్తకంలో ఒక్క అక్షరం తప్పు పడితే దాన్ని దిద్దించుకోవడానికి ఎన్నిసార్లు తిరగాలో తెలిసిన గుంటూరు, ప్రకాశం రైతుకి ఈ దేవుడు వెంటనే అర్థమవుతాడు. షాంపేన్ ఎందుకు పోస్తారో ఇంకా బాగా అర్థమవుతుంది.

నమ్మకం నిజమా అని చూడాలంటే మన తీరంలోనే మంచి పరీక్ష జరిగింది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో విశాఖ దగ్గర మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అసలు అమెరికాది. దాని పాత పేరు డయాబ్లో, అంటే సైతాను. 1964లో చేతులు మారి ధర్మయోధుడయింది. ఇంతవరకు చెబితే నమ్మకం గెలిచినట్టే ఉంటుంది. కానీ దాన్ని ముంచిందని మన నౌకాదళం చెప్పే ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ కూడా పేరు మారిన ఓడే. అది బ్రిటిష్‌వాళ్ళ రోథర్‌హామ్, 1949లో మనకొచ్చింది. అదే యుద్ధంలో డిసెంబరు 9న అరేబియా సముద్రంలో మనం పోగొట్టుకున్న ఐఎన్‌ఎస్ ఖుక్రీ పేరు మాత్రం ఎన్నడూ మారలేదు. (ఘాజీ ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల మాటా ఒకటి కాదు. 2017లో వచ్చిన తెలుగు 'ఘాజీ' సినిమా అయితే రాజ్‌పుత్‌ని పక్కనపెట్టి ఆ పని మన జలాంతర్గామి చేతే చేయించింది. సినిమాకి అది సుఖం. నీళ్ళ కింద ఇద్దరూ ఎదురెదురుగా ఉంటే కథ బిగుస్తుంది.)

షాకల్టన్ అంటార్కిటికాకి తీసుకెళ్ళిన ఎండ్యూరెన్స్ మొదటి పేరు పోలారిస్, ధ్రువనక్షత్రం. తమ వంశపు సూక్తిలోంచి కొత్త పేరు పెట్టుకున్నాడాయన. 1915 నవంబరులో మంచు దాన్ని నలిపి ముంచేసింది. అందులోని 28 మందీ బతికి బయటపడ్డారు. దీన్ని అరిష్టం అనాలో అదృష్టం అనాలో నెప్ట్యూనే చెప్పాలి. 2022 మార్చిలో ఆ ఓడ సముద్రం అడుగున దొరికినప్పుడు తీసిన ఫొటోలో, వెనక భాగాన ఎండ్యూరెన్స్ అన్న అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి కింద అయిదు కోణాల నక్షత్రం. పాత పేరు గుర్తు. పేరు మార్చినవాళ్ళు దాన్ని చెరపలేదు.

మన సాహిత్యంలో పడవ పేరు మారదు, ఎందుకంటే అసలు పేరు మీద దృష్టే ఉండదు. పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' చదివినవాళ్ళకి రంగి గుర్తుంటుంది, పద్దాలు గుర్తుంటాడు. పడవ పేరు అడిగితే మొహాలు చూసుకుంటాం. పొరుగున తకళి 'చెమ్మీన్'లో చెంబన్‌కుంజు కొనుక్కున్నది కొత్త పడవ కాదు, పళ్ళిక్కున్నం కందన్‌కోరన్ వాడిన పడవ. ఆ పడవతో పాటు ఆ ఇంటి వైభవం కూడా రావాలని అతని ఆశ. కందన్‌కోరన్ పోయాక అతని భార్యనీ పెళ్ళి చేసుకుంటాడు. ఆ నవలలో కడలమ్మ కోపం పడవ పేరు మీద లేదు, గట్టు మీదున్న ఆడదాని నడవడి మీద ఉంది. భారం మోసేది ఎవరో చూడండి. ఇంగ్లీషు నమ్మకం కాస్త నయమనిపిస్తుంది, అక్కడ తప్పు కనీసం కొన్నవాడిది.

మా వైపు పడవలు నడిచిన కాలవల పేర్లే మారాయి. కృష్ణ నీళ్ళు తెచ్చే కొమ్మమూరు కాలవ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలవలో కలుస్తుంది. ఆ బకింగ్‌హామ్ పేరు 1876-78 కరువు రోజుల్లో మద్రాసు గవర్నరుగా ఉన్న దొరది. మద్రాసు వైపు అంతకు ముందు అది కాక్రేన్ కాలవ. ఉప్పు పడవలు లాగినవాళ్ళు ఏ గవర్నరు పేరున్నా తాడు భుజాన వేసుకుని గట్టు వెంట అలాగే నడిచారు.

అయితే పేరు మార్పు మీద మనకి నమ్మకమే లేదా అంటే, ఎందుకు లేదు? కాకపోతే అది తలకిందులుగా ఉంది. బిడ్డలు దక్కని ఇంట్లో మళ్ళీ పుట్టిన బిడ్డని ఎంగిలి విస్తళ్ళ మీద పడుకోబెట్టి, ఎవరో పారేసినదాన్ని తెచ్చుకున్నట్టు ఎత్తుకుంటే వాడు పుల్లయ్య. పెంట మీద వేసి తెస్తే పెంటయ్య. తవుడికి కొనుక్కుంటే ఉత్తరాంధ్రలో తవిటయ్య. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పాత ఓటర్ల జాబితా తిరగేస్తే ఈ పేర్లు కనపడతాయి. ఒక్కో పేరు వెనక అంతకు ముందు పోయిన బిడ్డలున్నారు. ఇక్కడా ఒక గుమాస్తా ఉన్నాడు, చిత్రగుప్తుడు. ఇక్కడా ఒక చిట్టా ఉంది. నెప్ట్యూన్ చిట్టాలో పేరు తారుమారయితే ప్రమాదం. చిత్రగుప్తుడి చిట్టాలో పేరు తారుమారు చేస్తేనే ప్రాణం దక్కుతుంది. అక్కడ గుమాస్తాని బతిమాలుకుంటారు, ఇక్కడ బురిడీ కొట్టిస్తారు. ఆ ఇంగ్లీషు నమ్మకాన్ని మన జాలరికి అంటగట్టే వ్యాసాల మీద నా ఫిర్యాదు ఇదే. పేరు మార్చి బిడ్డని కాపాడుకున్న మనిషి నోట, పేరు మారిస్తే చచ్చిపోతాం అనే మాట పెడుతున్నారు.

రేవులో కొత్త పడవకి చేసేది గంగమ్మకి చేసేదే. పసుపు, కుంకుమ, వేపమండలు, కొబ్బరికాయ, దిష్టి. పేరు ఆ దేవతదో, కూతురిదో, కొడుకుదో ఉంటుంది. పేరు పెట్టే హక్కు డబ్బు వెంట పోవడం సునామీ తర్వాత బాగా కనపడింది. 2004 డిసెంబరు తర్వాత సాయంగా వచ్చిన ఫైబర్ బోట్ల మీద ఇచ్చినవాళ్ళ పేర్లు, గుర్తులు పెద్దపెద్ద అక్షరాల్లో ఉండేవి. పడవ నడిపేది ఒకరు, దాని ఒంటి మీద పేరు ఇంకొకరిది. 2008లో బొంబాయి దాడి జరిగాక నంబరు వచ్చింది. ఐఎన్‌డీ, ఏపీ అని మొదలయ్యే ఆ నంబరే ఇప్పుడు కోస్ట్‌గార్డు చదివే అసలు పేరు. దాన్ని మార్చడానికి ఏ షాంపేనూ చాలదు.

మిరప, పత్తి నేలలో పడవలు లేవు, ట్రాక్టర్లున్నాయి. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతని మాడ్చేసిన సంవత్సరం మా వైపు ఒకాయన ట్రాక్టరు వాయిదాలు కట్టలేకపోయాడు. ఫైనాన్సువాళ్ళు తీసుకుపోయారు. ట్రక్కు వెనక చెక్క మీద ఆయన కూతురి పేరు పసుపురంగులో రాయించుకున్నాడు, రెండు పక్కలా మిరపకాయల బొమ్మలతో. వేలంలో కొన్నాయన కోటప్పకొండకి తీసుకెళ్ళి పూజ చేయించాడు. గుమ్మడికాయ కొట్టించాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. కూతురి పేరు మీద నీలం రంగు కొట్టించి త్రికోటేశ్వరస్వామి పేరు రాయించాడు. రెండు వానాకాలాలకి నీలం పలచబడి కింద పసుపు అక్షరాలు తేలాయి. ఆ పిల్ల కాలేజీ బస్సు కోసం నిలబడే చోటు ముందు నుంచే ఆ ట్రక్కు యార్డుకి పోతుంది.

ఆ పూజలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అది కొన్నాయన్ని కాపాడుతుంది, అందుకే చేశాడు. పోగొట్టుకున్నాయన కోసం మాత్రం అందులో ఒక్క మాట లేదు. మన దిష్టి తంతుల్లో ఎక్కడా ఉండదు. విగర్ రాసిన ఆ సరదా దరఖాస్తులో నాకు నచ్చింది ఈ ఒక్కటే. పాత పేరుని ఒకసారి బయటికి పలకాలి, అది చేసిన మేలు ఒప్పుకోవాలి, ఆ తర్వాతే చెరపాలి. మిగతా అంతా వేషం అనుకున్నా, అంత మర్యాద మన వేలంపాటల్లో ఎప్పుడూ చూడలేదు.

నిజానికి ఆ మర్యాద ఒకప్పుడు మన తీరంలోనే, రాతి మీద ఉంది. వాడరేవుకి దక్షిణాన మోటుపల్లి. చోళుల కాలంలో దేశియుయ్యక్కొండ పట్టణం, మార్కోపోలో నోట ముట్ఫిలి. అక్కడ వీరభద్రస్వామి గుడిలో కాకతీయ గణపతిదేవుడి అభయశాసనం ఉంది, 1244 నాటిది. గాలివానకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులోని సరుకంతా వెనకటి రాజులు లాక్కునేవారు. గణపతిదేవుడు తనకి రావలసిన సుంకం తప్ప మిగిలిందంతా ఓడవాళ్ళకే వదిలేస్తానని మాటిచ్చాడు. ప్రాణాలకి తెగించి సముద్రం దాటి వచ్చినవాళ్ళ మీద దయతో ఈ పని చేస్తున్నానని కారణం కూడా రాయించాడు. ఆ శాసనంలో ఏ ఓడ పేరూ లేదు. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, మిరియాలు, పోకలు, వాటి మీద ఎంతెంత సుంకమో, అవి ఉన్నాయి.