అమ్మ ఏం తింటుంది?

సోమవారం పొద్దున్నే పాత స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. శిర్డీ వెళ్తున్నారట, అక్కణ్నుంచి నాసిక్‌లో రెండు రోజులు. "నువ్వు పోయినేడు వెళ్లొచ్చావు కదా. మంచి హోటళ్లు నాలుగు, వైన్ తోట ఒకటి పేర్లు వాట్సాప్‌లో పెట్టు" అన్నాడు. ఎవరెవరు వెళ్తున్నారని అడిగితే "ఇంటిల్లిపాదీ" అని పెట్టేశాడు. నాకు కోపం వచ్చింది. వాళ్లింట్లో ఇంటిల్లిపాదీ అంటే ఎనభై దాటిన నాన్నగారు, మోకాళ్ల నొప్పులతో అత్తగారు, అన్నంలో కూర కలిపితే ముట్టని పన్నెండేళ్ల పిల్ల. ఇంతమందిలో ఎవరి కోసం ఆ నాలుగు పేర్లు?

పరాయి ఊళ్లో తిండి వెతుక్కోవడం గురించి నా పట్టుదలలు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తవి కావు. చేతులు కడుక్కునే చోటు చూశాకే కుర్చీ లాక్కోవాలి. మెనూ పుస్తకం లావెక్కే కొద్దీ కూర పల్చబడుతుంది. గుడి గోపురం కనిపించేంత దగ్గర్లో భోజనానికి కూర్చోకూడదు. ఫోన్‌లో స్టార్లు చూసి హోటల్ ఎంచుకోకూడదు, ఎందుకంటే ఆ స్టార్లు వేసినవాళ్లలో సగం మంది మనలాగే ఒక్కపూట వచ్చిపోయినవాళ్లు. పార్కింగ్ బాగుందని ఒకరు, ఏసీ చల్లగా ఉందని ఒకరు వేస్తారు. పొద్దున ఎనిమిదింటికి అమృతంలా ఉండే దుకాణం మధ్యాహ్నం ఒంటిగంటకు చల్లారిపోయి ఉంటుందన్న సంగతి ఆ స్టార్లలో కనిపించదు.

అడగడంలో కూడా ఒక పద్ధతి ఉంది. "ఇక్కడ మంచి హోటల్ ఏది?" అని అడిగితే, ఊరికొచ్చిన చుట్టానికి ఏది చూపిస్తే బాగుంటుందో అది చెబుతారు. ఆటో అతను తనకు కమీషన్ వచ్చే చోటు చెబుతాడు. నేను అడిగే ప్రశ్న వేరు: "పోయిన ఆదివారం మీ ఇంట్లోవాళ్లను తీసుకుని ఎక్కడ తిన్నారు?" మందుల షాపులో, జెరాక్స్ షాపులో, చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఇలా అడిగి చూడండి. అవతలి మనిషి ఒక్క క్షణం ఆగి, గుర్తు తెచ్చుకుని చెబుతాడు. ఆ చెప్పేదాంట్లో అబద్ధం ఉండదు.

నాసిక్‌లో మందుల షాపు అబ్బాయి చెప్పిన జవాబు మిసల్. ఆ ఊరి మనిషిని ఎవర్నడిగినా మిసల్ పేరే ముందొస్తుంది. మటకీ మొలకల ఉసల్, దాని మీద ఎర్రగా నూనె తేలే రస్సా, పైన కారప్పూస, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క, పక్కన పావ్, పాపడ్, గిన్నెడు పెరుగు. గంగాపూర్ రోడ్డు వైపు తోటల్లో చెట్ల కింద బల్లలు వేసి, కట్టెల పొయ్యి మీద చేసి పెట్టే చోట్లున్నాయి. వాటిని చులీవర్చీ మిసల్ అంటారు. ఆదివారం పొద్దున ఊరంతా అక్కడే ఉంటుంది. పిల్లలు రస్సా రెండుసార్లు పోయించుకున్నారు. జిలేబీ కూడా అయింది. నా పద్ధతి మీద నాకు నమ్మకం ఇంకో మెట్టు ఎక్కింది.

అమ్మ సగం పావ్ పెరుగులో ముంచుకుని తిని, చాలంది. మధ్యాహ్నం ఎండలో ఇక వెతకలేక కారు డ్రైవర్ చూపించిన పెద్ద హోటల్లో దిగాం. అన్నీ ఒకే గ్రేవీలో తేలుతూ వచ్చాయి. అమ్మ మజ్జిగ తాగింది. రాత్రి ఆకలి లేదని రెండు అరటిపండ్లు తిని పడుకుంది. గోదావరిలో మునిగొచ్చిన రోజు కదా, ఉపవాసం అనుకుందేమో అని నేను సరిపెట్టుకున్నాను. రామకుండ్ దగ్గర నీళ్లు దోసిట పట్టి, ఈ నీళ్లే కదా రాజమండ్రి దాకా పోయేవని మనవళ్లకు చెప్పిన మనిషి, హుషారుగానే ఉంది.

మర్నాటి ప్లానులో అమ్మ లేదు. నేనూ నా భార్యా సూలా వైన్ తోటకు వెళ్లొచ్చేలోపు అమ్మ గదిలో పడుకుంటుందనీ, పిల్లలు టీవీ చూస్తారనీ అనుకున్నాం. తీరా చూస్తే పన్నెండింటికి గది ఖాళీ చేయాలన్నారు. అలా అందరం కారెక్కాం. ఎక్కడికని అడిగింది. వైనరీకి అన్నాను.

"ఏందిరా, తీర్థానికొచ్చి వైన్స్ కాడికి పోవుడేంది?"

అమ్మ తప్పేం లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ వైన్స్ అంటే బ్రాందీ, విస్కీ, బీరు అమ్మే కొట్టు. గ్రిల్ వెనక చేతులు, ముందు తోపులాట. వైన్ అన్న మాట బోర్డు మీద తప్ప లోపల పెద్దగా కనిపించదు. యాభై ఏళ్లుగా ఆ బోర్డు ముందు కొంగు సర్దుకుని రోడ్డు దాటి అవతలి వైపు నుంచి నడిచిన మనిషికి వైనరీ అంటే ఇంకేం తోస్తుంది? తోట చూద్దాం పద, ద్రాక్షతోట, అన్నాను. ఆ మాటకు కారు దిగింది.

ఇక్కణ్నుంచి నేను అనుకున్న కాలమ్ వేరే దారి పడుతుంది, క్షమించండి.

అమ్మ పుట్టిల్లు మేడ్చల్ దగ్గర. హైదరాబాద్ చుట్టూ ఆ రోజుల్లో ద్రాక్షతోటలు ఎలా ఉండేవో ఇప్పుడు చెబితే పిల్లలు నమ్మరు. అనాబ్-ఎ-షాహీ అని పేరు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో హైదరాబాద్‌లో నాటిన రకం అది. పేరుకు తగ్గట్టే రాజద్రాక్ష. లేత పసుపుపచ్చ, పొడుగు కాయ, లోపల గింజ, ఒక్కో గుత్తి చంటిపిల్లంత బరువు. మా తాతది రెండెకరాలు. వరసగా రాతి కడీలు పాతి, పైన తీగలు లాగి పందిరి వేసేవారు. ఎండాకాలం సెలవుల్లో మేం ఆ పందిరి కింద వంగి నడిచేవాళ్లం. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల ఆకుపచ్చ చీకటి. గుత్తులు తలకు తగిలేవి. తాత కడీకి వీపు ఆనించి కూర్చుని, కత్తెర నూనె గుడ్డతో తుడుస్తూ ఉండేవాడు. బోర్లు ఎండాయి. గింజలేని థామ్సన్ వచ్చాక గింజ ఉన్న కాయను కొనేవాళ్లు తగ్గారు. ఆ తర్వాత ఊరే తోట మీదికి వచ్చింది. ఇప్పుడక్కడ ప్లాట్లు. ఒక కడీ మాత్రం మా మేనమామ ఇంటి గేటు పక్కన పాతి ఉంది, గేదెను కట్టేస్తారు.

నాసిక్ తోటలో పందిరి లేదు. నడుమెత్తున తీగలు లాగి కంచెలా వరసలు. ఫిబ్రవరి కదా, కోతలు నడుస్తున్నాయి. గుత్తులు మోకాలి ఎత్తున వేలాడుతున్నాయి, అరచేతిలో ఇమిడేంత. అమ్మ వంగి ఒక గుత్తిని కింద నుంచి ఎత్తి చూసింది. "గింత చిన్న కాయ ఎవరు కొంటరు?" అంది. చుట్టూ తిప్పి చూపించే అమ్మాయి నవ్వి, కాయ చిన్నదైతే రసానికి తోలు పాలు ఎక్కువ పడుతుందనీ, రంగూ రుచీ తోలులోనే ఉంటాయనీ చెప్పింది. తినే ద్రాక్షకు కాయ పెద్దది కావాలి, దీనికి కాకూడదు. అమ్మకు హైదరాబాదీ ఉర్దూ బాగా వచ్చు. ఇక అడగడం మొదలుపెట్టింది. కత్తిరింపులు ఎన్ని? రెండు, ఏప్రిల్‌లో ఒకటి, వానలు వెనకబట్టాక ఒకటి. అమ్మ మొహం వెలిగింది. "మా నాయన గదే చేసేటోడు" అంది నావైపు తిరిగి. చలి దేశాల్లో తీగ శీతాకాలం మోడై నిద్రపోతుంది. మన ఎండకు తీగకు నిద్ర ఉండదు. అందుకే కత్తెరే నిద్రపుచ్చాలి, కత్తెరే లేపాలి. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మ కోసం, వానల తర్వాతది కాయ కోసం. ఆ సంగతి మేడ్చల్‌లో మా తాతకూ తెలుసు, నాసిక్‌లో వైన్ చేసేవాళ్లకూ తెలుసు.

ఆ అమ్మాయి ఒక కాయ తెంపి ఇచ్చింది. అమ్మ కొరికి, తోలు మందమంది, గింజలు అరచేతిలోకి ఊసి, "కానీ తీపి మాత్రం మస్తుగుంది" అంది. ఆ తీపే పులిసి వైన్ అవుతుంది. తెల్ల వైన్‌కు కాయ నలిపి రసం పిండేసి చల్లగా పులియబెడతారు. ఎర్ర వైన్‌కు తోలుతో సహా పులియనిస్తారు. ఈ తోట పెట్టిన రాజీవ్ సామంత్ అమెరికాలో ఉద్యోగం వదిలి వచ్చి, 1990ల్లో ఇక్కడ సావిన్యోఁ బ్లాఁ, షెనిన్ బ్లాఁ నాటారనీ, తల్లి సులభ గారి పేరే తోటకు పెట్టుకున్నారనీ చెప్పినప్పుడు అమ్మ ఆగింది. "తల్లి పేరా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత వైన్స్ అన్న మాట ఆమె నోట రాలేదు.

పైన రుచి చూసే గదిలో కూర్చున్నాం. 2005లో తెరిచారు, దేశంలో అలాంటిది అదే మొదటిదట. గ్లాసు అడుగు తడిసేంత పోస్తారు, తిప్పి వాసన చూడమంటారు. షెనిన్‌లో నాకు దోరజామ వాసన వచ్చింది, చివర చిన్న తీపి. మన కారాల పక్కన పెట్టాలంటే అదే నయం. ఎర్ర వైన్‌లోని వగరు కారాన్ని రెచ్చగొడుతుంది, తీపి అంటిన చల్లటి తెల్ల వైన్ కారాన్ని అణుస్తుంది. అమ్మ ముట్టలేదు, ముట్టమని మేం అడగలేదు. కిటికీలోంచి వరసలు లెక్కపెడుతూ కూర్చుంది.

బయటికొస్తుంటే రోడ్డు పక్క చెట్టు కింద కూలీ ఆడవాళ్లు ముల్లె విప్పి తింటున్నారు. రొట్టె, పచ్చిమిర్చి ఠేచా, ఉల్లిగడ్డ. అమ్మ కళ్లు అక్కడే ఆగిపోయాయి. అప్పటికి నాకు అర్థమైంది. డ్రైవర్‌ను పెద్ద హోటల్ వద్దన్నాను. మీ ఇంట్లో ఏం తింటారో అది దొరికే చోటుకు పోనిమ్మన్నాను. రేకుల షెడ్డు ముందు ఆపాడు. జొన్న భాక్రీ, శనగపిండి పిఠలా, ఠేచా. అమ్మ రెండు రొట్టెలు తింది. మూడోది తుంచుతూ, తల ఎత్తకుండా, "నిన్నట్నుంచి ఆకలైతుందిరా" అంది.

పరాయి ఊరికి పోయి ఆంధ్రా భోజనం వెతుక్కునేవాళ్ల మీద ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు విసుక్కున్నానో పాత పాఠకులకు తెలుసు. శిర్డీలో తెలుగు బోర్డుల కింద బారులు తీరిన మనవాళ్లను చూసి, ఇంత దూరం పప్పూ ఆవకాయ కోసమా వచ్చింది అని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కొత్త రుచి కోసం వెళ్లేది నాలాంటివాళ్లం. డెబ్బై ఎనిమిదేళ్ల కడుపు కొత్త రుచి అడగదు, వేళకు తెలిసిన ముద్ద అడుగుతుంది. అది దొరక్కపోతే నోరు తెరిచి చెప్పదు, ఆకలి లేదంటుంది. ఆ సాయంత్రం నేను ఎన్నడూ నమ్మని ఆ ఫోన్‌లోనే "పెరుగన్నం" అని వెతికి, స్టేషన్ దారిలో ఒక చిన్న మెస్ పట్టుకున్నాను. స్టార్లు మూడే ఉన్నాయి. అమ్మ నిమ్మకాయ పచ్చడి రెండుసార్లు వేయించుకుంది.

అందుకని నాసిక్ వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇది. ముందు పెద్దవాళ్ల అన్నం ఎక్కడో తేల్చుకోండి. అది బసకు నడిచి వెళ్లేంత దగ్గరుండాలి. ఆ తర్వాతే మిసల్ అయినా, తోట అయినా. తోటకు జనవరి, ఫిబ్రవరి, మార్చి మంచివి, వానాకాలంలో గుత్తి కనిపించదు. నాసిక్ దాకా పోలేనివాళ్లకు బెంగళూరు దగ్గర నంది హిల్స్ దిగువన గ్రోవర్ వాళ్ల తోట ఉంది. తాగేవాళ్లు బండి నడపకండి, కారు మాట్లాడుకోండి. సీసాలు రాష్ట్రం దాటించడానికి ఎక్సైజ్ నిబంధనలుంటాయి, కొనేముందు కనుక్కోండి. పెద్దవాళ్లను మాత్రం గదిలో వదిలి తోటకు పోకండి.

స్నేహితుడికి ఇంకా పేర్లు పంపలేదు. మీ నాన్నగారు రాత్రిపూట ఏం తింటారో కనుక్కుని ఫోన్ చెయ్యి, అప్పుడు చెబుతానన్నాను. శుక్రవారం దాకా చేయలేదు. వాళ్ల రైలు ఆదివారం.