తాళము తిరుగని కారు

2014 జనవరిలో మారుతి 800 తయారీ నిలిచిపోయినది. ఆ యేడే మే మాసమున వంగదేశమందలి ఉత్తరపారా కర్మాగారములో అంబాసిడరు తయారీయు ఆగిపోయినది. అయినను ఆ రెండు బండ్లును మన వీథులనుండి పూర్తిగా నిష్క్రమింపలేదు. విజయవాడ ఆటోనగరు షెడ్లలో మేస్త్రీలును, హైదరాబాదు సందులలో ఉస్తాదులును వానిని ఈనాటికిని బ్రతికించుచున్నారు. ఇట్టి పాత కార్లలో ఇంజను మొరాయించినప్పుడు యజమాని విచారించును గాని ఆశ్చర్యపడడు. ఇంజనునకు ఏ లోపమును లేక, బ్యాటరీ నిండుగా నుండి, పెట్రోలు చాలినంత కలిగియు, కేవలము తాళంచెవి తిరుగకపోవుటచే బండి గుమ్మము ముందు కదలక నిలిచినప్పుడే ఆతనికి దిక్కు తోచదు. అట్టి వేళ మొట్టమొదట పుట్టు బుద్ధి బలప్రయోగము. పట్టకారుతో పట్టి త్రిప్పినచో చెవి విరిగి, సగము చేతికి వచ్చి, సగము లోపలనే యుండిపోవును. మన వర్కుషాపులలో గురువుచేతినుండి శిష్యునిచేతికి సంక్రమించుచు వచ్చిన విద్య దీనికి పూర్తిగా విరుద్ధమైనది. తాళము ఏల తిరుగుటలేదో వ్రేళ్లకు తెలియవచ్చువరకు దానిపై బలము చూపరాదన్నది ఆ విద్యలో మొదటి పాఠము. నా దృష్టిలో అది కడపటి పాఠము కూడ.

కారు తాళమునకు మొదట ఇంత భారము లేదు. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెట్టరింగు కనిపెట్టిన విద్యుత్ స్టార్టరు అమరువరకు ఇంజనును ముందువైపునుండి హ్యాండిలుతో త్రిప్పవలసి వచ్చెడిది. పిమ్మట కూడ చాలకాలము తాళంచెవి విద్యుత్తును కలుపుటకే పరిమితమై, సెల్ఫు కొట్టుటకు వేరొక బొత్తామో మీటయో ఉండెడిది. 1949లో క్రైస్లరు సంస్థ ఆ రెండు పనులను ఒక్క చెవికే అప్పగించినది. తరువాత దొంగల భయమున స్టీరింగును బంధించు పనియు దానిపైనే పడినది. మారుతి 800 వంటి కార్లు మన దేశమునకు వచ్చునాటికి, అనగా 1983 డిసెంబరు 14న నాటి ప్రధాని ఇందిరాగాంధీ తొలి మారుతి కారు చెవిని దాని యజమానికి స్వయముగా అందించునాటికి, స్టీరింగు ప్రక్కనున్న ఆ చిన్న రంధ్రము మూడు కార్యములను నిర్వహించుచుండెను.

బయటికి ఒక్కటిగా కానవచ్చు ఈ తాళములో నిజమునకు రెండు వస్తువులున్నవి. ముందుభాగమున చెవి దూరు బ్యారెల్. వెనుకభాగమున తీగెలు కలియు స్విచ్చి. చెవి సాఫీగా తిరిగియు సెల్ఫు అందుకొననిచో బ్యారెల్ నిర్దోషి. స్విచ్చినో, తీగెలనో, బ్యాటరీనో చూడవలెను. ఈ భేదము తెలియక మొత్తము తాళమును మార్పించి, తలుపులకును డిక్కీకిని ఒక చెవి, ఇంజనునకు మరొక చెవి మోయువారు ఎందరో కలరు.

బ్యారెల్ నడుమ తిరుగు కడ్డీకి వరుసగా సన్నని చీలికలుండును. ఒక్కొక్క చీలికలో పలుచని ఇత్తడి రేకు. ఆ రేకు నడుమ చెవి దూరుటకు నలుచదరపు కన్నము. అంచున దానిని ఒత్తి నిలుపు వెండ్రుకవంటి స్ప్రింగు. చెవి లేనప్పుడు రేకుల కొనలు కడ్డీనుండి వెలికి పొడుచుకొని వచ్చి, చుట్టునున్న కవచపు గాడిలో దిగియుండును గనుక కడ్డీ కదలదు. సరియైన చెవి లోనికి పోవుటతోడనే, దాని పళ్ల ఎత్తుపల్లములను బట్టి ఒక్కొక్క రేకు తనకు తగినంత జరిగి, అన్నింటి కొనలును కడ్డీ ఉపరితలముతో సమానమగును. ఒక్క రేకు కొద్దిగా వెనుకబడినను తాళము బిగుసుకొనును. వేలకొలది పర్యాయములు రాపిడి పడుచు ఈ కొలతను తప్పక నిలుపుకొను ఆ చిన్న యంత్రమును చూచిన కొలది నాకు గౌరవమే కలుగుచున్నది.

అది చెడుటకు ముఖ్యకారణము చెవి అరుగుటయే. ఇంటి తాళములు, బీరువా తాళములు, దేవుని బొమ్మ, ఇనుప గొలుసు అన్నియు ఒక్క గుత్తిగా వ్రేలాడుచు, గతుకుల బాటలో ఊగుచు, పళ్లను, రేకులను ఎడతెగక రాచుచుండును. రెండవది దుమ్ము. మూడవది, మిక్కిలి బాధాకరమైనది, మంచి తలపుతో పోసిన నూనె. కుట్టుమిషను నూనె పోసిన నాడు తాళము హాయిగా తిరుగును; కొన్ని మాసములలో ఆ నూనె దుమ్మును పట్టి, దీపపు సెమ్మె అడుగున పేరుకొను జిడ్డువలె రేకుల సందులను పూడ్చివేయును. కొబ్బరినూనె సంగతి మరియు విచిత్రము: ఇరువదినాలుగు డిగ్రీల దిగువకు చల్లబడినచో అది గడ్డకట్టును గనుక, పుష్యమాసపు తెల్లవారుజామున తిరుగని తాళము మధ్యాహ్నపు టెండలో తనంతట తాను తిరిగి యజమానిని తికమక పెట్టును.

కావున అనుభవజ్ఞుడైన మేస్త్రి చేయు మొదటి పని సీసా అందుకొనుట కాదు, స్టీరింగు పట్టుకొనుట. చక్రములు కాలిబాట అంచునకు ఒరసి నిలిచినప్పుడు స్టీరింగును బంధించిన ఇనుప మొలపై ఆ బిగువంతయు పడియుండును. ఎడమచేత స్టీరింగును ఇటునటు కొద్దిగా ఊపుచు, బిగువు సడలిన క్షణమున కుడిచేత చెవిని మెల్లగా త్రిప్పినచో అనేక తాళములు అక్కడికక్కడే లొంగిపోవును. లొంగనిచో రెండవ చెవి, బీరువాలో ఎన్నడును వాడక దాచినది, తెప్పించి చూచును. దానితో తిరిగినచో దోషము చెవిది. రెండింటితోను తిరుగనిచో తాళమును శుభ్రపరచవలెను. త్వరగా ఆరిపోవు కాంటాక్ట్ క్లీనరును చిమ్మి, చెవిని పలుమారు లోపలికి త్రోసి తీసి, తీసిన ప్రతిసారియు దానిపై పట్టిన నల్లని మురికిని గుడ్డతో తుడిచి, మురికి రాకుండు వరకు ఇట్లు చేసి, పూర్తిగా ఆరిన పిదప గ్రాఫైటు పొడి వేయవలెను. పొడి దొరకనిచోట మెత్తని పెన్సిలు మొనను చెవి పళ్లపై రుద్దుటయు మన మేస్త్రీలెరిగిన పద్ధతియే.

ఇంతటితోను లొంగని బ్యారెల్‌ను విప్పక తప్పదు. ముందు బ్యాటరీ నెగటివ్ తీగె తీసివేయవలెను. పెక్కు కార్లలో చెవిని ఎట్లో మొదటి మెట్టువరకైనను త్రిప్పగలిగి, కవచమునందలి సన్నని రంధ్రములో సూదివంటి పనిముట్టుతో స్ప్రింగు పిన్నును నొక్కినచో బ్యారెల్ వెలికి వచ్చును. కడ్డీని తెల్లగుడ్డపై నుంచి, చెవి లోపల నుండగానే భూతద్దముతో చూచినచో వ్యాధి కన్నులకు కట్టినట్లు తెలియును: ఏ రేకు కొన వెలికి తొంగిచూచుచున్నదో అదియే అడ్డుపడుచున్నది. రేకులను తీసినచో తీసిన వరుసలోనే పేర్చవలెను; వరుస తప్పినచో తన చెవికే ఆ తాళము తెరచుకొనదు. కిరసనాయిలులో కడిగి, తుడిచి, ఆరబెట్టి, తలయెత్తిన రేకునకు చికిత్స చేయవలెను.

ఇచ్చట రెండు మార్గములున్నవి. పొడుచుకొని వచ్చిన కొనలనన్నింటిని ఆకురాయితో కడ్డీకి సమముగా అరగదీయుట సులభము; పావుగంట పని. కాని అట్లు అరగదీసిన తాళము పరాయి చెవులకును తలయొగ్గును. ఇది మరమ్మతు అని నేననలేను. రేకులు నాలుగైదు ఎత్తులలో మాత్రమే తయారగును. పాతసామానుల అంగడిలో అదే జాతి తాళమును సంపాదించి, దానినుండి తగిన ఎత్తుగల రేకును తీసి అమర్చుట శ్రమయే యైనను, తాళము కావలిగుణము నిలుచుట ఆ మార్గముననే.

దోషము చెవిదే యైనప్పుడు అరిగినదానినుండి నకలు తీయించుట వృథా. నకలులో అరుగుదలయు నకలగును. ఇచ్చటనే వీథి మలుపున గొడుగు క్రింద కూర్చుండు తాళాలు చేయువాని విద్య తెలియవచ్చును. పూర్వము ఆయుధములకు పదును పెట్టుట వృత్తిగా గల సిక్లీగరులలో అనేకులు దేశమంతట ఈ పని చేయుచున్నారు. నేర్పరియైన పనివాడు ఆర్.సి. కాగితము చూచిన మీదట కారునకు ఎడమవైపు తలుపునొద్దకు పోవును. డ్రైవరు కూర్చుండునది కుడివైపు గనుక ఎడమ తలుపునకు చెవి పెట్టుట అరుదు. దాని రేకులు కర్మాగారమునుండి వచ్చినట్లే పదునుగా నుండును. పళ్లు కోయని చెవిని దీపపు మసిపై నల్లబరచి, అందులో దూర్చి, నిదానముగా ఇటునటు అదిమి తీయును. రేకు తాకినచోట మసి చెదరి చుక్కవంటి మెరపు కనబడును. ఆ చుక్కపై ఆకురాయి ఒక్కసారి. మరల మసి, మరల తలుపు, మరల మరొక చుక్క. చుక్క పడుట మానిన చోట కోత ముగిసినట్లు. అన్ని చోట్లను ముగియగా చెవి అడ్డులేక తిరుగును, తలుపులకును ఇంజనునకును ఒకే చెవి గల కార్లలో ఆ చెవియే తరచుగా ఇంజను తాళమునకును సరిపడును.

అట్లు వచ్చిన చెవిని జేబులో వేసికొన రాదని అతడు హెచ్చరించును. దానికి అప్పుడే ఒక నకలు తీసి నిత్యవాడుకకు ఇచ్చును. మూలమును ఇంటివద్ద విడిగా దాచి, నకలు అరిగినప్పుడెల్ల తన వద్దకు మూలమునే తెమ్మనును.