పదహారు ఓటముల పద్దు

"ఓటమే గెలుపుకు తొలిమెట్టు" అన్న సూక్తి పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో ఒకసారి, ఎన్నికల ఫలితాలు వచ్చే రోజుల్లో మరొకసారి తెలుగు పత్రికల్లో తప్పక కనిపిస్తుంది. దాని మీద ఈ శీర్షికకు ఉన్న విసుగు పాత పాఠకులకు కొత్త సంగతి కాదు. ఈ వారం ఆ విసుగును మళ్ళీ రేపినది వ్యక్తిత్వ వికాసం పేరిట వచ్చిన ఒక వ్యాసం. అమెరికాలోని డెట్రాయిట్ లయన్స్ అనే ఫుట్‌బాల్ జట్టు 2008 సీజన్‌లో ఆడిన 16 మ్యాచ్‌లూ ఓడిపోయిందనీ, ఆనాటి ఆటగాళ్ళలో ఒకడైన డాన్ క్యాంప్‌బెల్ తరువాత అదే జట్టుకు కోచ్‌గా వచ్చి 2024 సీజన్‌లో 17 మ్యాచ్‌లకు 15 గెలిపించాడనీ, కనుక ఓటమిని మించిన గురువు లేడనీ ఆ వ్యాసకర్త తేల్చాడు. చెప్పిన రెండు సంగతులూ నిజమే కాని, వాటి నడుమ గడచిన పదహారేళ్ళ ఊసు మాత్రం అందులో లేదు. క్యాంప్‌బెల్ గాయం కారణంగా 2008 సీజన్‌లో ఎక్కువ కాలం మైదానం వెలుపలే ఉన్నాడన్న సంగతి కూడా లేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకుని, విసిరి, అవసరమైనప్పుడు కాలితో తన్ని ఎదుటి జట్టు చివరి గీత దాకా చేర్చే ఆట. దాని అత్యున్నత వేదిక అయిన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో 32 జట్లు ఉన్నాయి. ఆటగాళ్ళ ఒళ్ళు హూనమయ్యే ఆట కావడం వల్ల ఒక్కొక్క జట్టు సాధారణంగా వారానికి ఒక్క మ్యాచే ఆడుతుంది. 1978 నుంచి 2020 వరకు ఒక సీజన్‌కు 16 మ్యాచ్‌లు ఉండేవి, 2021 నుంచి 17 అయ్యాయి. కాబట్టి 16 ఓటములంటే సెప్టెంబరులో మొదలై డిసెంబరు చివరి దాకా ఏ వారమూ గెలుపు ముఖం చూడకపోవడం. అంతకు ముందు 1976లో టాంపా బే బకనీర్స్ జట్టు 14 మ్యాచ్‌లూ ఓడింది గాని, అది ఆ ఏడాదే పుట్టిన జట్టు. లయన్స్ సంగతి వేరు. 1934లో డెట్రాయిట్‌కు చేరి, 1935, 1952, 1953, 1957 సంవత్సరాల్లో లీగ్ విజేతగా నిలిచిన ఆ పాత జట్టు, 16 మ్యాచ్‌ల సీజన్‌లో ఒక్కటీ గెలవని తొలి జట్టుగా 2008లో చరిత్రకెక్కింది.

ఏళ్ళ తరబడి ఓడే జట్టు విషయంలో కారణం వెదకవలసిన చోటు మైదానం కన్నా ముందు యజమాని గది అన్నది ఈ శీర్షిక పలుమార్లు వినిపించిన వాదం. పాఠకులు కొందరు దానికి "కుర్చీ సిద్ధాంతం" అని ముద్దుపేరు కూడా పెట్టారు. ఆ వాదానికి లయన్స్‌ను మించిన సాక్ష్యం దొరకదు. హెన్రీ ఫోర్డ్ మనుమడైన విలియం క్లే ఫోర్డ్ 1960ల తొలినాళ్ళలో జట్టును కొన్నాడు. ఆయన 2001లో జట్టు వ్యవహారాలన్నిటినీ మాట్ మిలెన్ చేతిలో పెట్టాడు. మిలెన్ ఆటగాడిగా లీగ్ తుది పోరు సూపర్ బౌల్ విజేతే, టీవీ వ్యాఖ్యాతగానూ పేరు పొందినవాడే. అయితే ఆటగాళ్ళను ఎంచి, జీతాలు కుదిర్చి, జట్టును కూర్చే పనిలో అతనికి అంతకుముందు అనుభవం లేదు. బంతిని పరుగెడుతూ అందుకునే రిసీవర్ల మీద అతనికి ఎంత మోజంటే, 2003, 2004, 2005, 2007 సంవత్సరాల్లో కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే వేళ తన మొదటి ఎంపికను ఆ స్థానానికే వెచ్చించాడు. ఆ నలుగురిలో కాల్విన్ జాన్సన్ ఒక్కడే చరిత్రలో నిలిచే ఆటగాడయ్యాడు. మిలెన్ హయాంలో జట్టు 31 మ్యాచ్‌లు గెలిచి 84 ఓడింది. అయినా అతడిని తొలగించింది 2008 సెప్టెంబరులో, ఆ సీజన్‌లో మూడు ఓటములు పడిన తరువాతనే.

అన్నేళ్ళు ఓపిక పట్టడం యజమానికి ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు జవాబు లీగ్ నిర్మాణంలోనే ఉంది. జాతీయ టీవీ హక్కుల మీద వచ్చే రాబడిని జట్లన్నీ సమంగా పంచుకుంటాయి. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో అట్టడుగున నిలిచిన జట్లు కింది శ్రేణికి జారిపోయినట్టు ఇక్కడ జారే పని లేదు. పైపెచ్చు, కళాశాలల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ అనే పద్ధతిలో మొదటి వంతు చివరి స్థానపు జట్టుకే దక్కుతుంది. ధనిక జట్లు ఆటగాళ్ళందరినీ కొనేయకుండా జీతాల మొత్తానికి 1994 నుంచి గరిష్ఠ పరిమితి కూడా ఉంది. బలహీనులను పైకి లేపడం ఈ ఏర్పాట్ల ఉద్దేశం. అయితే ఓటమి నొప్పి యజమాని దాకా చేరకుండా అడ్డుపడేది కూడా ఇవే. జట్లు కిందికి జారే భయం లేని ఈ నమూనానే ఐపీఎల్ అనుసరించింది. 2008లో 14 మ్యాచ్‌లకు రెండే గెలిచి అట్టడుగున నిలిచిన హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ మరుసటి ఏడాదే విజేత కావడం తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. లయన్స్‌కు మాత్రం అలాంటి మరుసటి ఏడాది రాలేదు.

ఇక ఆ సీజన్ నడచిన తీరు. అసలు పోటీలకు ముందు జరిగే, పట్టికలో లెక్కకు రాని నాలుగు సన్నాహక మ్యాచ్‌లనూ లయన్స్ గెలిచింది. అసలు పోటీలు మొదలైన రోజు అట్లాంటా చేతిలో 34-21 తేడాతో ఓడింది, ఆపై గ్రీన్ బే 48, శాన్ ఫ్రాన్సిస్కో 31, షికాగో 34 పాయింట్లు చేశాయి. ఐదవ మ్యాచ్ అక్టోబరు 12న మినియాపొలిస్‌లో మిన్నెసోటా వైకింగ్స్‌తో జరిగింది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ స్థానంలో ఆనాడు డాన్ ఒర్లావ్‌స్కీ ఆడాడు. మైదానం రెండు కొసల్లోనూ ఎండ్ జోన్ అని పిలిచే పది గజాల పట్టీ ఉంటుంది. ఆటగాడు బంతితో తన సొంత ఎండ్ జోన్‌లో పట్టుబడినా, అక్కడి నుంచి గీత దాటి బయటకు పోయినా ఎదుటి జట్టుకు రెండు పాయింట్లు లభిస్తాయి. దీనిని సేఫ్టీ అంటారు. వైకింగ్స్ ఆటగాడు జారెడ్ అలెన్ మీదికి దూసుకువస్తుండగా ఒర్లావ్‌స్కీ పక్కకు పరుగెత్తుతూ, తాను వెనుక గీత దాటిపోయిన సంగతే గమనించక, బంతి ఎవరికి విసరాలా అని చూస్తూ ఉండిపోయాడు. చివరి క్షణాల్లో వైకింగ్స్ మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ ఒకటి కొట్టగా మ్యాచ్ 12-10తో ముగిసింది, అంటే జట్టు ఓడిన తేడా సరిగ్గా ఆ రెండు పాయింట్లే.

తరువాతి కాలంలో టీవీ విశ్లేషకుడిగా స్థిరపడిన ఒర్లావ్‌స్కీ ఆ దృశ్యం మీద తానే జోకులు వేసుకుంటాడు. ఆ ఒక్క అడుగు ఆ సీజన్‌కు గుర్తుగా మిగిలిపోయింది గనుక, అదే మైదానాల్లో, అవే వారాల్లో జరిగిన మరొక పనిని దాదాపు అందరూ మరచిపోయారు. నిలువు స్తంభాల నడుమ నుంచి బంతి వెళ్ళేలా తన్ని మూడు పాయింట్లు సంపాదించడాన్ని ఫీల్డ్ గోల్ అంటారు. ఆ పని చేసే కికర్‌గా 1992 నుంచి 2012 వరకు 21 సీజన్ల పాటు లయన్స్ తరఫునే ఆడిన జేసన్ హాన్సన్, ఆ 2008లో యాభై గజాలు, అంతకు మించిన దూరం నుంచి ఎనిమిది సార్లు తన్ని ఎనిమిది సార్లూ విజయం సాధించాడు. దానికి కావలసిన నేర్పు ఎంతో ఆట చూసేవారికి తెలుసు. ఒకడు బంతిని వెనక్కు విసురుతాడు, మరొకడు దానిని పట్టి నేల మీద నిలబెడతాడు, కికర్ దానిని తన్నుతాడు. ఇదంతా సుమారు ఒకటింబావు సెకనులో ముగియాలి. ఆలస్యమైతే ఎదుటివారి చేతులు అడ్డుపడతాయి, తొందరపడితే పాదం బంతికి సరైన చోట తగలదు. ఓడిపోతున్న జట్టులో ఈ పని ఇంకా కష్టం, ఎందుకంటే సాధించిన మూడు పాయింట్లూ గెలుపుగా మారవని ముందే తెలిసిన చోట ఏకాగ్రతకు ఆసరా ఏదీ ఉండదు. జాన్సన్ కూడా అదే ఏడాది 1,331 గజాల దూరం బంతిని అందుకుని, ఎదుటి జట్టు ఎండ్ జోన్‌కు బంతిని చేర్చే టచ్‌డౌన్లు 12 చేసి, ఆ లెక్కలో లీగ్ అగ్రస్థానాన్ని పంచుకున్నాడు. అంత ఘోరమైన జట్టులో కూడా పని తెలిసినవారు తమ పనిని వదిలిపెట్టలేదన్న ఈ సంగతికి సూక్తులు రాసేవారి దగ్గర చోటు దొరకదు.

ఆ శరదృతువు డెట్రాయిట్ నగరానికీ గడ్డుకాలమే. నవంబరులో మూడు పెద్ద వాహన సంస్థల అధిపతులు వాషింగ్టన్ వెళ్ళి ప్రభుత్వ సాయం అర్థించారు; మరుసటి ఏడాది క్రైస్లర్, జనరల్ మోటార్స్ దివాలా రక్షణ కోరాయి. ట్రాయ్, నోవై, కాంటన్ వంటి శివారు ఊళ్ళలో స్థిరపడి ఆ పరిశ్రమనే నమ్ముకున్న తెలుగు కుటుంబాలు కూడా ఆ రోజులను మరచిపోలేదు. 1934 నుంచి అమెరికన్ల థాంక్స్‌గివింగ్ పండుగ నాడు సొంత మైదానంలో ఆడడం లయన్స్ ఆనవాయితీ. 2008 పండుగ నాడు దేశమంతా టీవీలో చూస్తుండగా టెనెస్సీ చేతిలో 47-10తో ఓడింది. టికెట్లు ముందుగా అమ్ముడుపోని మ్యాచ్‌లను స్థానికంగా ప్రసారం చేయరాదన్న నియమం అప్పట్లో అమలులో ఉండడంతో, కొన్ని మ్యాచ్‌లు ఆ నగరవాసులకు టీవీలో కూడా రాలేదు. కోచ్ రాడ్ మారినెల్లి జట్టు రక్షణ బాధ్యతను అల్లుడు జో బారీకి అప్పగించి ఉండడంతో, కూతురికి ఇంతకన్నా మంచి రక్షణ శిక్షకుడిని చూడవలసింది కదా అనే అర్థం వచ్చేలా ఒక కాలమిస్టు విలేకరుల సమావేశంలో అడిగేశాడు. జట్టు అవమానం కుటుంబం గడప దాకా వెళ్ళిన ఘట్టం అది. డిసెంబరు 28న గ్రీన్ బేలో 31-21తో పదహారవ ఓటమి పూర్తయింది, మరునాడే మారినెల్లి ఉద్యోగం పోయింది.

ఇక్కడితో ఆపితే కుర్చీ సిద్ధాంతం గెలిచినట్టే కనిపిస్తుంది. అయితే 2024లో 15 మ్యాచ్‌లు గెలిచిన జట్టు కూడా అదే కుటుంబానిది. విలియం క్లే ఫోర్డ్ 2014లో మరణించగా ఆయన భార్య మార్తా, 2020లో కూతురు షీలా ఫోర్డ్ హాంప్ పగ్గాలు చేపట్టారు. షీలా 2021లో బ్రాడ్ హోమ్స్‌ను జనరల్ మేనేజర్‌గా, క్యాంప్‌బెల్‌ను కోచ్‌గా నియమించారు. మొదటి సీజన్‌లో పది ఓటములు, ఒక డ్రా అయ్యాక గాని తొలి గెలుపు రాలేదు. అది మూడు విజయాలతో ముగిసింది. రెండవ సీజన్‌లో మొదటి ఏడు మ్యాచ్‌లలో ఆరు పోయాయి. ఆ రోజుల్లో అభిమానులు మార్పు కోరుతుండగా షీలా ఓపిక పట్టమన్నారు. మిలెన్ విషయంలో తండ్రి చూపినదీ ఓపికే. అదే ఇల్లు, అదే కుర్చీ, అదే గుణం; అయినా ఒకసారి జట్టు పూర్తిగా మునిగింది, మరొకసారి నిలదొక్కుకుంది. యజమాని మారితే తప్ప జట్టు మారదనే సిద్ధాంతం దగ్గర దీనికి సమాధానం లేదు.

సమాధానం ఉన్నది ఓటముల పద్దులోనే. 2008లో లయన్స్ 268 పాయింట్లు చేసి 517 ఇచ్చింది. 16 ఓటముల్లో పదింట తేడా పది పాయింట్లు, ఆపైన. సీజన్ మొత్తం మీద రక్షణ ఆటగాళ్ళు ఎదుటి జట్ల నుంచి గాలిలో లాక్కున్న బంతులు నాలుగే. అది ఎంత ఓపిక పట్టినా బాగుపడే జట్టు కాదు. 2022లో ఓడిన తొలి ఆరు మ్యాచ్‌లలో నాలుగింటి తేడా మూడు లేదా నాలుగు పాయింట్లు మాత్రమే. ఫిలడెల్ఫియా మీద 35, సియాటిల్ మీద 45 పాయింట్లు చేసి కూడా ఓడిన జట్టు అది. ఆ సీజన్‌ను 9 గెలుపులు, 8 ఓటములతో ముగించింది. 2023 సీజన్‌లో 12 గెలిచి, 1992 జనవరి తరువాత తొలి ప్లేఆఫ్ విజయాన్ని అందుకుంది. ఆ రెండు ఓపికల్లో ఒకటి ఓటమి పద్దును చదివి పట్టినది, మరొకటి చదవకుండానే పట్టినది.

కనుక ఓటమి మెట్టూ కాదు, గురువూ కాదు. అది ఒక లెక్క మాత్రమే. దాని నుంచి ఎవరికైనా పాఠం అందాలంటే కూర్చుని ఆ లెక్క చూసే మనిషి ఒకరు ఉండాలి. ఓడిన పిల్లవాడికో, ఓడిన జట్టుకో, ఓడిన పార్టీకో సూక్తి చెప్పబోయే ముందు, ఎంత తేడాతో ఓడారో, ఏ చోట ఓడారో, ఎవరు తమ పనిని సరిగా చేస్తూ కూడా ఓడారో పాఠకులు అడిగి తెలుసుకోవాలి. ఆ మూడింటికీ జవాబు లేని చోట ఓపిక పట్టమనడం సలహా కాదు, కాలక్షేపం.