రూపకమే పరికరం: ష్రోడింగర్ ‘వాట్ ఈజ్ లైఫ్?’ – భాషాదృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: 1944లో వెలువడిన ఎర్విన్ ష్రోడింగర్ గ్రంథం ‘వాట్ ఈజ్ లైఫ్?’ సైద్ధాంతిక భౌతికశాస్త్రానికీ జీవశాస్త్రానికీ నడుమ నిలిచిన రచన. అందులోని రూపకాలు పరిశోధనను ఎలా నడిపించాయో, తెలుగులోకి వచ్చేటప్పుడు వాటి అర్థం ఎటు ఒరుగుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: శాస్త్రవచనం, రూపకం, సంకేతం, స్మృతి, ప్రస్తారం, అనువాదం.

ప్రవేశిక

1943 ఫిబ్రవరిలో డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో ష్రోడింగర్ జీవం గురించి బహిరంగ ఉపన్యాసాలు ఇచ్చాడు. తరంగ సమీకరణానికి పేరుపొంది, 1933లో పాల్ డిరాక్‌తో నోబెల్ బహుమతి పంచుకున్న భౌతికశాస్త్రజ్ఞుడు తనది కాని రంగంలో అడుగుపెట్టాడు. ఆ సాహసానికి ముందుమాటలోనే మన్నింపు కోరాడు. మరుసటి ఏడాది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆ ఉపన్యాసాలను చిన్న పుస్తకంగా తెచ్చింది.

తొలి అధ్యాయంలో ఆయన చెప్పిన మాట ఒకటి సాహిత్య విమర్శకునికి ముఖ్యమైనది. ఈ ఉపన్యాసాల్లో గణితం దాదాపు కనిపించదని, విషయం తేలిక కావడం అందుకు కారణం కాదని, గణితానికి పూర్తిగా లొంగనంత చిక్కుగా ఉండటమే కారణమని ఆయన వివరించాడు. గణితం తప్పుకున్న ఆ చోటును రూపకం ఆక్రమించింది. ఇక్కడ రూపకం అలంకారం కాదు, పరికరం. ఆ పరికరం ఏది కోసింది, ఏది కోయలేకపోయింది అన్నదే పరిశీలించవలసిన అంశం.

లెక్క ఆగినచోటు

గణితం పూర్తిగా లేదనడం కూడా సరికాదు. గ్రంథంలోని తొలి వాదం వర్గమూలం మీద నిలబడింది. ఒక పాత్రలో 100 అణువులు ఉంటాయని భౌతికనియమం చెబితే, అటూ ఇటూ 10 తేడా రావడం సహజం. అంటే నూటికి పది. అణువులు పది లక్షలైతే తేడా 1000, అంటే నూటికి 0.1 మాత్రమే. సంఖ్య పెరిగేకొద్దీ నియమం కచ్చితమవుతుంది. అయితే జన్యువులో ఉండే పరమాణువులు ఇలాంటి కచ్చితత్వానికి చాలనంత తక్కువ. అయినా హాబ్స్‌బర్గ్ రాజవంశీయుల ముందుకు పొడుచుకువచ్చిన పెదవి శతాబ్దాల పాటు తరం నుంచి తరానికి దిగివచ్చింది. శరీరపు వేడిలో నిరంతరం కదలాడే అణువుల నడుమ ఆ గుర్తు ఎలా చెరగకుండా నిలిచింది? 1935లో టిమొఫేయెఫ్-రెసోవ్‌స్కీ, జిమ్మర్‌లతో కలిసి మాక్స్ డెల్‌బ్రుక్ ప్రకటించిన పత్రం ఆధారంగా, జన్యువు ఒక అణువేనని, దాని స్థిరత్వం క్వాంటం బంధాలదని ష్రోడింగర్ జవాబిచ్చాడు.

అంతవరకు వాదం డెల్‌బ్రుక్‌ది. ‘అనావర్తన స్ఫటికం’ అన్న పేరు మాత్రం ష్రోడింగర్ ఇచ్చింది. పదో తరగతిలో ఆవర్తన పట్టిక చదివిన తెలుగు పాఠకునికి ఈ పదం కొత్తగా తోచదు. మామూలు స్ఫటికంలో ఒకే అమరిక మళ్లీమళ్లీ వస్తుంది. జన్యువులోనూ అంతటి దృఢత్వమే ఉంది కాని పునరావృత్తి లేదు. ఈ భేదాన్ని ఆయన గోడకు అంటించే అచ్చుకాగితంతోనూ రాఫేల్ చిత్రించిన తెరతోనూ పోల్చాడు. దీనిని తెలుగు చేసేవారికి మరింత దగ్గరి జంట దొరుకుతుంది: ఒకే అచ్చుతో బారులుగా అద్దిన పెడన బట్ట, కలంతో కథనంతా గీసిన శ్రీకాళహస్తి బట్ట. రెండూ కలంకారీయే. రెండోదానిలో ఒక మూల చూసి మరో మూలను ఊహించలేము. ఊహించలేనిచోటే సమాచారం ఉంటుంది.

మోర్స్ లిపి, ప్రస్తారం

అంత చిన్న అణువులో అంత సమాచారం ఎలా ఇముడుతుందన్న సందేహానికి ష్రోడింగర్ మోర్స్ లిపిని ఉదాహరించాడు. చుక్క, గీత అనే రెండు గుర్తులను నాలుగుకు మించకుండా కూరిస్తే 30 భిన్న రూపాలు వస్తాయి. మూడో గుర్తు చేర్చి పది వరకు కూర్చితే 88,572.

ఛందస్సు చదివినవారు ఇందులో ప్రస్తారాన్ని వెంటనే గుర్తుపడతారు. గురులఘువులతో ఏకాక్షర గణాలు రెండు, ద్వ్యక్షర గణాలు నాలుగు, త్ర్యక్షర గణాలు ఎనిమిది, నాలుగక్షరాలవి పదహారు. మొత్తం సరిగ్గా ముప్పై. ఇది కాకతాళీయం కాదు, ఒకే గణితం. అయితే దీన్ని చూపి పింగళునికి జన్యుశాస్త్రం తెలుసుననడం హాస్యాస్పదం. పోలిక ప్రయోజనం బోధనకే పరిమితం. రెండే గుర్తుల నుంచి ఇంత వైవిధ్యం ఎలా పుడుతుందో తెలుగు విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు.

కోడ్: సంకేతమా, స్మృతా?

గ్రంథంలో అతి బలమైన రూపకం ‘కోడ్-స్క్రిప్ట్’. ఇంగ్లీషులో కోడ్ అంటే గూఢలిపి, శాసనసంహిత కూడా. ష్రోడింగర్ రెండర్థాలనూ వాడుకున్నాడు. అంతటితో ఆగక, ఆ మాట కూడా చాలదన్నాడు. క్రోమోజోములు శాసనమూ దాన్ని అమలుచేసే అధికారమూ తామే అని, భవనశిల్పి గీసిన పటమూ కట్టేవాని పనితనమూ తామే అని ఆయన అభిప్రాయం.

తెలుగు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన ‘జన్యుసంకేతం’ వీటిలో గూఢలిపి అర్థాన్ని మాత్రమే నిలుపుకొన్నది. శాసనార్థానికి తెలుగులో వేరే మాట ఉంది, స్మృతి. శిక్షాస్మృతి అన్నప్పుడు వినిపించేది అదే. పైగా స్మృతి అంటే జ్ఞాపకం. తాతల పెదవిని మనవల ముఖాన గుర్తుంచుకొనే వస్తువుకు ఇంతకన్న అందమైన పేరు దొరకదు. ‘జన్యుస్మృతి’ అంటే ష్రోడింగర్ ఉద్దేశించినదంతా దాదాపుగా వస్తుంది.

వస్తుంది కనుకనే అది ప్రమాదం. జన్యువు శాసనమూ అధికారమూ తానే కాదని తర్వాతి ప్రయోగశాలలు తేల్చాయి. డీఎన్‌ఏను ఒంటరిగా గాజునాళికలో ఉంచితే అది ఏ ప్రోటీనునూ తయారుచేయదు. దాన్ని చదివే ఎంజైములు, రైబోజోములు కావాలి. మానవ ఇన్సులిన్‌కు తగిన డీఎన్‌ఏను ప్రయోగశాలలో కూర్చి ఇ. కోలై బాక్టీరియాలో ప్రవేశపెట్టి 1978లో ఇన్సులిన్ సాధించారు. 1982లో అది అమెరికాలో ఔషధంగా అనుమతి పొందింది. అక్కడ లిపి మనిషిది, అమలుచేసింది బాక్టీరియా. పటమూ మేస్త్రీ వేరువేరు కాబట్టే ఆ మందు సాధ్యమైంది. ఎవలిన్ ఫాక్స్ కెల్లర్ 1995 నాటి ‘రీఫిగరింగ్ లైఫ్’లో జన్యువుకే కర్తృత్వం కట్టబెట్టే ఇటువంటి భాషను నిశితంగా ప్రశ్నించింది. వ్యాకరణపరిభాషలో చెప్పాలంటే కరణాన్ని కర్తగా పొరబడటం అది. తెలుగు ‘సంకేతం’ మూలానికి విధేయం కాదు, వస్తువుకు విధేయం. అనువాదంలో జరిగిన నష్టం శాస్త్రదృష్టితో లాభమైన అరుదైన సందర్భమిది.

అందం, నిజం

స్ఫటికశాస్త్రజ్ఞుడు మాక్స్ పెరుట్జ్ 1987లో ఈ గ్రంథాన్ని తీవ్రంగా విమర్శించాడు. అందులో నిజమైనది కొత్తది కాదని, కొత్తది చాలావరకు అప్పటికే నిజం కాదని తెలిసినదని ఆయన తీర్పు. తప్పులున్న మాట వాస్తవం. జన్యువు బహుశా ప్రోటీను కావచ్చునని ష్రోడింగర్ భావించిన సమయంలోనే, 1944లో, ఎవరీ బృందం డీఎన్‌ఏ వైపు వేలు చూపింది. అయినా పెరుట్జ్ తీర్పు సగమే న్యాయం. 1953 ఆగస్టులో ఫ్రాన్సిస్ క్రిక్ తమ పత్రాలను ష్రోడింగర్‌కు పంపుతూ, తానూ వాట్సన్ ఆ చిన్న పుస్తకపు ప్రభావానికి లోనయ్యామని తెలిపాడు. అనావర్తన స్ఫటికమన్న పేరు చక్కగా అతికేలా ఉందని కూడా రాశాడు. సమాధానం తప్పయినా ప్రశ్నను సరిగా అడిగించిన పుస్తకాన్ని సమాధానాలతోనే కొలవడం కుదరదు.

రూపకం మోసం చేసిన ఉదాహరణ క్రిక్ దగ్గరే ఉంది. నాలుగు అక్షరాలతో త్ర్యక్షర పదాలు 64. అమైనో ఆమ్లాలు 20. సంకేతం నిజంగా భాషే అయితే, విరామచిహ్నాలు లేకున్నా పదచ్ఛేదం పొరపాటు కాకూడదు. ఈ నియమం పెట్టి 1957లో క్రిక్, గ్రిఫిత్, ఆర్గెల్ లెక్కించారు. ఒకే అక్షరం మూడుసార్లు వచ్చే నాలుగు పదాలు పనికిరావు. మిగిలిన 60 పదాలు అక్షరాలు చక్రంలా తిరిగే మూడేసి జట్లవుతాయి. జట్టుకు ఒక్కటే చెల్లుతుంది. జవాబు సరిగ్గా 20! ఇంత ముచ్చటైన లెక్క తప్పు కాగలదా అనిపిస్తుంది. 1961లో నిరెన్‌బర్గ్, మాథై ప్రయోగంలో మొదట విడివడిన పదం యు-యు-యు, ఈ లెక్క నిషేధించిన పదమే.

ఉపనిషత్తు, ఋణం

గ్రంథం చివరి ప్రకరణంలో ష్రోడింగర్ ఆత్మబ్రహ్మైక్య భావనను ప్రస్తావించాడు. భారతీయ పాఠకులు కొందరు మొదటి ఏడు అధ్యాయాలను దాటవేసి అక్కడికే చేరుకోవడం, విజ్ఞానం వేదాంతాన్ని నిరూపించిందని ప్రకటించడం పరిపాటి. రచయిత ఆ భాగాన్ని తన వ్యక్తిగత దృక్పథంగా స్పష్టంగా విడదీసి చూపాడు. అది ఆయన జీవనదర్శనం. జన్యువు స్థిరత్వానికి ఆధారం కాదు. ఆ ప్రకరణాన్ని అందుకే గౌరవించాలి, అక్కడే ఆపాలి.

తెలుగు అనువాదకునికి అసలు చిక్కు ఆరో అధ్యాయంలో ఉంది. జీవి ఆహారంగా తీసుకొనేది ‘నెగెటివ్ ఎంట్రోపీ’ అన్న ప్రతిపాదన తోటి భౌతికశాస్త్రజ్ఞులకు రుచించలేదు. వారికోసమే రాసి ఉంటే స్వేచ్ఛాశక్తి అనేవాడినని ష్రోడింగర్ తర్వాత ఒక వివరణ చేర్చాడు. తెలుగులో ‘ఋణ ఎంట్రోపీ’ అనగానే ఋణ సంఖ్యతో పాటు అప్పు కూడా చెవిన పడుతుంది. జీవి తన క్రమాన్ని పరిసరాల నుంచి అరువు తెచ్చుకొంటుందన్న భావం వరకు ఆ శ్లేష ఒప్పుతుంది. తిరిగి తీర్చవలసిన బాకీ అన్న ధ్వని మాత్రం మూలంలో లేదు. ఉష్ణగతికశాస్త్రంలోనూ లేదు. ఆ పదం ఉంచుకొన్న అనువాదకుడు ష్రోడింగర్ వివరణ పక్కన తనది మరొకటి చేర్చక తప్పదు.